మధ్యలో తెగిన లైను

నేను ఒక టెలిఫోన్ స్విచ్‌బోర్డును. నిలువెత్తు కర్రపెట్టె, దాని నిండా వరసలు వరసలుగా రంధ్రాలు, ప్రతి రంధ్రం మీదా కనురెప్పంత ఇత్తడి మూత, కింద పొడుగాటి తీగల చివర ప్లగ్గులు. ఎవరైనా ఫోను దగ్గర పిడి తిప్పితే ఇక్కడ వాళ్ల మూత టక్కుమని వాలుతుంది. నా ముందు కూర్చున్న అమ్మాయి ఒక ప్లగ్గు అందులో గుచ్చి, ఎవరు కావాలో అడిగి, రెండో ప్లగ్గును వాళ్లడిగిన చోట గుచ్చుతుంది. ఒకరి మాట ఇంకొకరికి చేర్చడమే తప్ప సొంతంగా ఒక్క ముక్క పలకలేను. ఈ లోపం నన్నెప్పుడూ బాధించలేదు, ఒక్క మధ్యాహ్నం తప్ప.

నేనుండేది జపాన్ పడమటి తీరంలో, కురోత్సు అనే ఊళ్లో, ఎర్ర ఇటుకల కచేరీ భవనంలో. చుట్టుపక్కల కొండలూ పల్లెలూ రేవులూ అన్నిటినీ ఒకప్పుడు ఈ కచేరీనే పాలించింది. నన్ను తయారుచేసిన కార్ఖానాలో ఆడపిల్లలు నా తీగలకు పట్టుదారం చుట్టారు. ఎడ్లబండి మీద గడ్డి పరిచి ఊళ్లోకి తెచ్చినప్పుడు గవర్నరు స్వయంగా మెట్లు దిగి వచ్చి నన్ను చూశాడు. ఆ తర్వాత ఆయన మళ్లీ నా గదిలో అడుగు పెట్టలేదు గాని, ఆయన గొంతు మాత్రం రోజూ నాలోంచే పోయేది. పల్లె అధికారులతో మాట్లాడేటప్పుడు ఉరుములాగా, రాజధానితో మాట్లాడేటప్పుడు జలుబు చేసిన పిల్లిలాగా. మనిషి ఒకడే. మారేది ప్లగ్గు గుచ్చిన రంధ్రమే. గవర్నర్లు మారినా ఈ పద్ధతి మారలేదు. యుద్ధకాలంలో అందరూ ఉరుములే అయ్యారు, యుద్ధం ఓడాక కొన్నాళ్లు అందరూ పిల్లులే అయ్యారు. నేను అన్నీ మోశాను.

ఫుమి నా దగ్గరికి వచ్చేనాటికి నాకూ వయసు మీదపడింది. ఆమె హమాసాకి అనే చేపల పల్లె నుంచి వచ్చిన పిల్ల. స్కూలు ముగియగానే ఉద్యోగంలో చేరింది. దుమ్ము లోపలికి రాకూడదని ఆపరేటర్లు చెప్పులు గది బయటే విడిచేవాళ్లు. ఫుమి తన జతను గోడవారగా, ముందువైపు బయటికి చూసేలా పెట్టి వచ్చేది. ఆమె వేళ్లు నా తీగల మధ్య తడుముకునేవి కావు. తిట్టే అధికారి తిట్టు పూర్తయ్యేదాకా ఆగి, "కలుపుతున్నానండీ" అనేది.

ఆమె చేరిన రెండో ఏడాది వానాకాలంలో ఏరు పొంగింది. ఉదయం నుంచి నా మూతలు ఒకదాని మీద ఒకటి వాలుతూనే ఉన్నాయి. ఫలానా చోట గట్టు కోసుకుపోతోంది, ఫలానా ఊళ్లో పడవలు కావాలి, బియ్యం కావాలి. మధ్యాహ్నం డ్యూటీ మారాలి. తర్వాతి అమ్మాయి రాలేదు. వంతెన కొట్టుకుపోయిందని, ఎవరూ రాలేరని ఎవరో అరుచుకుంటూ మేడ మీదికి పరుగెత్తారు. ఫుమి లేవలేదు. గదిలోకి నీళ్లొచ్చాయి. ఆమె కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకుని ప్లగ్గులు గుచ్చుతూనే ఉంది.

అప్పుడు హమాసాకి మూత వాలింది. ఆమె సొంత ఊరు. అక్కడ ఆమె తల్లి ఒక్కతే ఉంటుంది. పంచాయతీ ఆఫీసు మనిషి గొంతు పొడిబారిపోయి ఉంది. "కట్ట తెగింది. నదుల శాఖకు కలపండి." అమ్మ ఎలా ఉందని ఒక్క మాట అడగడానికి ఫుమికి క్షణం కూడా పట్టదు. అడగలేదు. ఆపరేటరు సొంత మాట మాట్లాడకూడదు, అవతల ఎందరో లైను కోసం కాచుకుని ఉంటారు. కలిపింది. కలిసిందో లేదో చూడటానికి చెవి ఆనించింది. "ఊళ్లో జనాన్నంతా..." అంటున్నాడు అవతలి మనిషి. అంతలో నీళ్లు నా లోపలి తీగలను తాకాయి. నేను మూగబోయాను. పై అధికారి ఒకాయన మోకాళ్లలోతు నీళ్లలో వచ్చి ఫుమి రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. "లైను తెరిచే ఉందండీ, హమాసాకి లైను తెరిచే ఉంది," అంటూనే వెళ్లింది.

నన్ను మరమ్మతుకు పంపారు. తిరిగొచ్చేసరికి నా ముందు వేరే అమ్మాయిలు కూర్చుని ఉన్నారు. ఫుమికి పెళ్లయి వేరే ఊరు వెళ్లిపోయిందని వాళ్ల మాటల్లో తెలిసింది. కొన్నేళ్లకు వాటంతటవే కలుపుకునే యంత్రాలు వచ్చాయి. నన్ను మెట్ల కిందికి తోశారు. ఆపైన కచేరీ కూడా కొత్త సిమెంటు మేడలోకి మారిపోయింది. ఈ భవనాన్ని కూల్చాలా ఉంచాలా అని ఊరంతా ఏళ్ల తరబడి పోట్లాడుకుని, చివరికి ఉంచారు. దీన్ని కట్టినప్పుడు దండగ ఖర్చని తిట్టినవాళ్ల మనవలే దీన్ని కాపాడమని సంతకాలు చేశారట. నన్ను తుడిచి, మెరుగు పెట్టి, పాత గదిలోనే నిలబెట్టి, నా పక్కన ఒక పలక తగిలించారు. చూసేవాళ్లు నన్ను మూడు నిమిషాలు చూస్తారు, అందులో రెండు నిమిషాలు ఫోటోకి పోతాయి.

ఇప్పుడు ఆ మధ్యాహ్నం సంగతి.

చలికాలం. మంచు పడుతోంది. జనం పలచగా ఉన్నారు. భవనం బాధ్యత చూసే హొరికవా అనే పెద్దాయన, రిటైరైన బడిపంతులు, నా గది ఊడ్చి, మీద దుప్పటి కప్పి, 'ఈ రోజు ఈ గది చూడటానికి వీల్లేదు' అన్న బోర్డు తలుపుకి తగిలించి వెళ్లాడు. తాళం వేయడం మరిచాడు.

కాసేపటికి తలుపు మెల్లగా తెరుచుకుంది. ఒక ముసలావిడ. జుట్టు మొత్తం తెల్లబడింది, వీపు వంగింది, కాళ్లకు మేజోళ్లు మాత్రమే ఉన్నాయి. లోపలికి వచ్చి తలుపు మూసి, ఇత్తడి గడియ పెట్టింది. దుప్పటి తీసి మడిచి కుర్చీ వెనక వేసింది. చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుంది. ఆమె చెయ్యి నా మీద వెతకలేదు. తిన్నగా వెళ్లి హమాసాకి రంధ్రంలో ప్లగ్గు గుచ్చింది. గుర్తుపట్టడానికి నాకు ముఖంతో పని లేకపోయింది.

"హలో, హమాసాకి. వింటున్నాను, చెప్పండి," అంది ఫుమి.

ఆ తీగ అవతల ఏమీ లేదు. గోడ దాకా కూడా పోదది. ఆమె వింటూ కూర్చుంది. గదిలో వేడి లేదు. కిటికీకి బయటి నుంచి చలికాలపు చెక్కలు బిగించి ఉన్నాయి. ఆమె ఊపిరి ఆవిరై నా ఇత్తడి మీద మసకలా పరుచుకుంది. ఉండుండి ఎడమ చేత్తో గుండె మీద రాసుకుంటోంది.

బయట వరండాలో పరుగులు మొదలయ్యాయి. ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లది ఈ దేశపు భాష కాదు. భాష ఏదైనా మాట మోసేవాడికి బరువు ఒక్కటే కాబట్టి నాకు అర్థమైంది.

"అప్పా, మామ్మేదీ?"

"నీ ఎనకాలే ఉంది గదే."

"నేదప్పా. జోళ్లు అరలో పెట్టి తిరిగేసరికి నేదు. నీకాడికొచ్చిందనుకున్నాను."

"నాకాడికి రానేదే గౌరీ. పైకెల్లిందేటో నువ్వు సూడు, నాను బయట సూస్తాను."

"బయటికైతే ఎల్లకూడదప్పా. కోటు నా సేతిలోనే ఉన్నాది. గుండె బిళ్లలు ఈ కోటు జేబులోనే ఉన్నాయి."

అప్పా అని పిలుస్తున్న ఆ గొంతు గౌరీశ్వరిది. శ్రీకాకుళం దగ్గర సముద్రపు పల్లె పిల్ల. కురోత్సులోని వృద్ధుల ఆశ్రమంలో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగానికి వచ్చింది. తనకంటే ముందు వచ్చి అక్కడే పనిచేస్తున్న ధనలక్ష్మిని సొంత అక్కలా అప్పా అని పిలుస్తుంది. ఫుమికి బట్టలు తొడగడం, అన్నం తినిపించడం గౌరి పని. ఆశ్రమం కిటికీలోంచి ఈ ఎర్ర ఇటుకల గోపురం కనబడినప్పుడల్లా ఫుమి డ్యూటీకి వేళయిందని లేచి నిలబడేదట. ఒక్కసారి చూపించి తీసుకొస్తానని మేనేజరమ్మను గౌరే అడిగింది. ఆవిడ ముందు కాదంది. తర్వాత, నీ పూచీ మీద తీసుకెళ్లు అంది. ఇవన్నీ నాకు తర్వాత హొరికవా ద్వారా తెలిసినవి. అప్పటికి నాకు తెలిసింది, తలుపుకి అవతల ఒక పిల్ల ఏడుపు ఆపుకుంటూ పరుగెడుతోందని, ఇవతల ఆమె వెతుకుతున్న మనిషి పెదవులు నీలం తిరుగుతున్నాయని.

ఆ పిల్ల నా గది ముందు నుంచి అటొకసారి ఇటొకసారి వెళ్లింది. బోర్డు చదివింది కాబోలు, ఆగలేదు. వేల మాటలు మోసిన నేను 'ఇక్కడే' అన్న ఒక్క మాట అనలేకపోయాను.

"పైన లేదు," అంటోంది గౌరి హొరికవాతో, జపాన్ భాషలో కూడబలుక్కుంటూ. "అన్ని గదులూ చూశాను. మరుగుదొడ్లు కూడా చూశాను."

"పోలీసులకు చెబుతానమ్మా. మంచులో బయటికి పోయి ఉంటే ఆలస్యం చేయకూడదు," అన్నాడాయన.

అప్పుడు చూడటానికి వచ్చి వెళ్లిపోతున్న ఒక ముసలాయన తన జోళ్లు తొడుక్కుంటూ సణిగాడు. "ఈ కాలం మనుషులకు పద్ధతి లేదండీ. లోపల తిరగడానికి ఇక్కడిచ్చే స్లిప్పర్లు ఎక్కడపడితే అక్కడ వదిలేస్తారు. ఆ చివర మూసిన గది ముందు ఒక జత ఉంటే నేనే తెచ్చి అరలో పెట్టాను."

గౌరి పరుగెత్తింది. ఆమె అడుగుల చప్పుడు నా తలుపు దాకా వచ్చి ఆగింది. గడియ పడి ఉన్న తలుపు కదల్లేదు.

"ఫుమి గారూ, నేను గౌరిని. తలుపు తీయండి."

"పని జరుగుతుండగా తలుపు కొట్టకూడదు," అంది ఫుమి, చెవి మీద హెడ్‌సెట్ అదుముకుని.

"చలిగా ఉంది, కోటు తెచ్చాను. ఇంటికి వెళ్దాం. వేడిగా సూపు ఉంటుంది."

ధనలక్ష్మి కూడా పిలిచింది. హొరికవా పిలిచాడు. పిలిచేకొద్దీ ఫుమి ఊపిరి పొట్టిదవుతోంది. అది నా మౌత్‌పీసులో పడుతోంది, నాకు తెలుస్తోంది.

హొరికవా ఎవరికో ఫోను చేశాడు. తలుపు భవనంతోపాటు కట్టింది, దానికున్న మసక అద్దం కూడా అప్పటిదే, తాకాలంటే పైనుంచి అనుమతి కావాలని అవతలివాళ్లు చెబుతున్నట్టుంది. "అవునండీ. అవునండీ," అన్నాడు కొంతసేపు. ఆ తర్వాత ఫోను పెట్టేసి ఎక్కడికో వెళ్లి సుత్తి తెచ్చాడు. "నేను జవాబు చెప్పుకుంటాను. వెనక్కి జరగండమ్మా."

"వద్దు," అంది గౌరి. "అద్దం భళ్లుమంటే ఆవిడ గుండె ఆగిపోతుంది. ఆవిడకు వినబడే దారి ఇంకేదీ లేదా? ఆవిడ చెవులకు ఏదో పెట్టుకుని ఉన్నారు. నీడ కనిపిస్తోంది."

హొరికవా సుత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "గవర్నరు గదిలో పాత ఫోను ఉంది," అన్నాడు నెమ్మదిగా. "మ్యూజియం తెరిచినప్పుడు పిల్లలకు చూపించడానికని ఆ ఒక్క లైనూ దీనికి కలిపారు. చాలా ఏళ్లయింది. పనిచేస్తుందో లేదో తెలియదు."

"అప్పా, నువ్విక్కడే ఉండు. బిళ్లలు సేతిలో పట్టుకో," అంది గౌరి. మెట్ల మీద ఆమె పరుగు వినబడింది.

నాకు భయం వేసింది. ఆ తీగ నాలో ఏ మూల ఉందో నాకే గుర్తు లేదు. దాని మీద తుప్పు ఎంత, ఎలుక పళ్లు ఎన్ని. పైన ఆ పిల్ల పిడి తిప్పుతున్నట్టు ఏదో గిలిగింతగా తెలిసింది. మూత కదల్లేదు. మళ్లీ తిప్పింది. మూడోసారి ఎక్కడో ఏదో అంటుకుంది. గవర్నరు మూత వణికి, సగం జారి, టక్కుమని వాలింది.

ఫుమి వెన్ను నిటారైంది. ప్లగ్గు గుచ్చింది. "కచేరీ ఎక్స్చేంజి. ఎవరు కావాలండీ?"

ఆ గొంతు పందొమ్మిదేళ్లది.

"ఫుమి గారూ, నేను గౌరిని. దయచేసి తలుపు తీయండి."

"లైనులు అత్యవసరానికి మాత్రమేనండీ. పెట్టేయండి." ప్లగ్గు లాగేసింది.

మూత మళ్లీ వాలింది. ఫుమి మళ్లీ ప్లగ్గు గుచ్చింది.

"ఎవరు కావాలండీ?"

"ఎవరూ వద్దండీ," అంది గౌరి. "మీ తర్వాత డ్యూటీ నాది. ఆలస్యమైంది, క్షమించండి."

ఫుమి వేళ్లు తీగ మీద ఆగిపోయాయి. "వంతెన పోయిందన్నారు. ఎలా వచ్చావు?"

"చాలా దూరం చుట్టూ తిరిగి వచ్చాను."

"నీ మాట ఈ వైపు మాటలా లేదు. ఏ ఊరు?"

"సముద్రం పక్క ఊరండీ. మాదీ చేపల పల్లే." అక్కడ ఆగింది. తర్వాత వచ్చిన మాటలు ముందుగా అనుకున్నవి కావు, తడబడుతూ, జపాన్ మాటలు దొరక్క వెతుక్కుంటూ వచ్చాయి. "నా చిన్నప్పుడు మా ఊళ్లో పెద్ద తుఫాను వచ్చింది. చెట్లన్నీ పడిపోయాయి. అమ్మ వేరే ఊళ్లో ఉంది. ఫోన్లు పోయాయి. ఉందా లేదా అని చెప్పేవాళ్లు లేరు. నేనూ నాన్నా రోడ్డు మీద నిలబడి అటే చూస్తూ ఉండేవాళ్లం. అందుకని నాకు తెలుసండీ. మీరు కూర్చున్న కుర్చీ ఖాళీగా ఉండకూడదు. నేను కూర్చుంటాను."

ఫుమి చూపు హమాసాకి రంధ్రం మీదికి పోయింది. గుండె మీది చెయ్యి పిడికిలి బిగిసింది. ఆఖరుకు అంది, "సొంతవాళ్ల సంగతి అడగకూడదు. తెలుసు కదా?"

"తెలుసండీ."

"అయితే రా. హమాసాకి లైను తెరిచి ఉంది. వాళ్లు చెప్పేదాకా ప్లగ్గు తీయకు."

ఆమె లేచింది. తలుపు దాకా నాలుగు అడుగులు వేయడానికి నా అంచు పట్టుకుంది, కుర్చీ పట్టుకుంది, గోడ పట్టుకుంది. గడియ లాగడానికి రెండుసార్లు ప్రయత్నించింది. మూడోసారికి తీసింది. గౌరి అప్పటికి మెట్లు దిగి వచ్చేసి, తలుపు బయట చెప్పులు విడుస్తోంది. ధనలక్ష్మి ముందుకు రాబోతే చేత్తో ఆపింది.

ఫుమి పక్కకు జరిగి దారిచ్చింది. గౌరి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఫుమి హెడ్‌సెట్ తన తలమీంచి తీసి ఆ పిల్ల తలకు పెట్టి, జడ అడ్డొస్తే వెనక్కి సర్దింది. "వింటున్నానని చెబుతూ ఉండు. ఎవరూ లేరనుకుని పెట్టేస్తారు."

"వింటున్నాను," అంది గౌరి నా మౌత్‌పీసులోకి. "హమాసాకి, వింటున్నాను."

ఫుమి ఒంగి నమస్కారం పెట్టింది, డ్యూటీ అప్పగించేటప్పుడు పెట్టినట్టే. ఆ ఒంగినది తిరిగి లేవలేకపోయింది. ధనలక్ష్మి రెండు చేతులా పట్టుకుంది. నాలుక కింద బిళ్ల పెట్టారు, కోటు చుట్టారు. హొరికవా సుత్తి ఎక్కడో పడేసి అంబులెన్సుకు ఫోను చేశాడు. స్ట్రెచరు వచ్చేదాకా ఫుమి కళ్లు నా వైపే ఉన్నాయి. గౌరి వెనక్కి తిరగలేదు, లేవలేదు. వీపు నిటారుగా పెట్టుకుని "వింటున్నాను" అంటూనే ఉంది. ఆమె చెంపల మీది నీళ్లు నా మీట మీద పడుతున్నాయి.

"తీసుకెళ్లిపోయారమ్మా," అన్నాడు హొరికవా. "ఇక లేవచ్చు."

"బండి కదిలిందాండీ?"

"కదిలింది."

అప్పుడు లేచింది. ప్లగ్గు మాత్రం తీయలేదు. ఆయనా తీయమనలేదు.

ఫుమి బతికింది. ఆశ్రమంలో మాత్రం గొడవైంది. గౌరిని వెనక్కి పంపించేయాలనే మాట కూడా వచ్చిందట. హొరికవా మంచులో నడుచుకుంటూ వెళ్లి, తాళం వేయనిది నేనని మేనేజరమ్మ ముందు తల వంచి నిలబడ్డాడు. ఆవిడ టీ తెప్పించేదాకా తల ఎత్తలేదట. గౌరి ఉద్యోగం నిలిచింది. నా తలుపుకున్న గడియ తీసేయాలా వద్దా అని ఒక కమిటీ వేశారు. గడియ కూడా చారిత్రకమేనట. వాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు.

మంచు కరిగాక గౌరి ఒక్కతే వచ్చింది. హొరికవా ఆమెను నా ముందు కూర్చోబెట్టి టీ పోశాడు.

"ఫుమి గారి కొడుకు వచ్చారండీ," అంది. "అడిగాను, వరదలో వాళ్ల అమ్మమ్మ ఏమయ్యారని. ఆయన నవ్వారు. ఊళ్లో అందరూ గుడి కొండెక్కేశారట. ఒక్కరికీ ఏం కాలేదట. ఫుమి గారు నాలుగో రోజున నడిచి వెళ్లి చూసుకున్నారట. ఆవిడ అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారట, మనవల్ని ఎత్తుకున్నారట."

హొరికవా కప్పు కింద పెట్టాడు. నేను కూడా ఆ కబురు అప్పుడే విన్నాను. యంత్రానికి చెప్పాలని ఎవరికి తోస్తుంది.

"అంటే ఆవిడకు తెలుసా," అన్నాడాయన.

"తెలుసండీ. తెలిసిందంతా పోయింది. ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం పోలేదు."

హొరికవా ఆమె కప్పులో మళ్లీ టీ పోశాడు.

"ఇప్పటికీ సాయంత్రం అయ్యేసరికి కంగారు పడతారు," అంది గౌరి. "హమాసాకి ఏమైందని. అందరూ గుడి కొండ మీద ఉన్నారు, మీ అమ్మగారూ ఉన్నారు అని చెబుతాను. నిజమా అని అడుగుతారు. నిజమేనంటాను. రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని కాసేపు ఏడుస్తారు. తర్వాత అన్నం తింటారు. మర్నాడు మళ్లీ అడుగుతారు."

"రోజూ అదే చెప్పాలంటే విసుగు రాదా అమ్మా?"

గౌరి గడియారం చూసుకుని లేచింది. ఆశ్రమంలో భోజనాల వేళవుతోంది.

"మంచి కబురే కదండీ," అంది.